నీళ్ల తలుపు

పోయిన వారం మనం దబీర్‌పురాలోని గోపాలకృష్ణమూర్తిగారి ఇంట్లోంచి ముక్కు మూసుకుని బయటికి వచ్చాం. ఈ వారం ముక్కు మూసుకునే లోపలికి వెళ్లాలి, తప్పదు. ఎండలు ముదిరిన కొద్దీ ఆ ఇంట్లో కంపు కూడా ముదిరింది. ఫినాయిలు సీసాలు ఖాళీ అయ్యాయి. వాకిట్లో మోరీ పొడుగునా బ్లీచింగ్ పౌడరు ముగ్గు పోసినట్టు పోశారు. మోరీలు తీసేవాళ్లు వచ్చి గల్లీ కాలవలోంచి నల్లటి బురద ఎత్తి గట్టున పోసి, దాన్ని అక్కడే వదిలేసి చక్కా పోయారు. కంపు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. చివరికి గోపాలకృష్ణమూర్తిగారు ఆ కంపుకి ఒక పేరు పెట్టారు. లీలమ్మ అని పెట్టారు.

లీలమ్మది వెనక వాటా. ఆమె భర్త సీమోను రైల్వేలో గ్యాంగుమన్. “మీ వంటలూ, మీ కడుగుళ్లూ, ఆ నీళ్లన్నీ మా మోరీలోకే కదా దిగేది” అని ఇంటాయన వాకిట్లో నిలబడి నలుగురూ వినేటట్టు అన్నారు. అమావాస్య లోపల వాటా ఖాళీ చెయ్యమన్నారు. అరవైతొమ్మిది తెలంగాణ గొడవల్లో ఎవరో గేటు మీద రాళ్లు రువ్వి, ఆంధ్రావాళ్లు బయటికి రండని కేకలు వేసినప్పుడు, గేటుకి అడ్డంగా నులకమంచం వాల్చుకుని కూర్చున్నది ఈ సీమోనే. ఆ సంగతి సీమోను ఎత్తలేదు, ఇంటాయనకి గుర్తు రాలేదు.

కంపు గురించి ఇంత చెప్పుకున్నాం కానీ ఆ ఇంటి అసలు దుఃఖం వేరు. మాఘమాసంలో ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు అమ్మాజీ విషజ్వరంతో పోయింది. బి.ఎ. ఆఖరి సంవత్సరం చదువుతున్న పిల్ల. ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేస్తే, తన గదిలో తన మంచం మీదే కన్నుమూసింది. పోయిన నక్షత్రం మంచిది కాదు, ధనిష్ఠా పంచకం, ప్రాణం పోయిన గదిని వినాయక చవితి దాకా మూసి ఉంచాలి, ముందే తెరిస్తే ఇంట్లో మరో ప్రాణానికి చేటు అని పంతులుగారు చెప్పారట. చెప్పారట అంటున్నాను, ఎందుకంటే పంతులుగారి దగ్గరికి వెళ్లి వచ్చిందీ, వచ్చి చెప్పిందీ గోపాలకృష్ణమూర్తిగారే. ఆయనే తాళం వేసి, ఆచారం ప్రకారం గడప మీద తుమ్మకంప అడ్డం పెట్టారు.

ఆ కంపకి ఇవతల, హాల్లో నేల మీద, కొంగు తలకింద పెట్టుకుని అమ్మాజీ తల్లి రాజరాజేశ్వరి పడుకుని ఉంది. శనివారం మధ్యాహ్నం. ఆయనకి ఆఫీసు ఒక పూటే గనక కాసేపట్లో వచ్చేస్తారు. లేచి వంట చెయ్యాలి. కడుపున పుట్టిన పిల్ల పోయాక కూడా పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకోవలసి రావడం ఎంత సిగ్గుమాలిన పనో ఆమెకి రోజూ ఆ వేళకి తెలిసివస్తూ ఉంటుంది.

“ఓనరమ్మా, జెర్ర ఇటు రా.”

రాజరాజేశ్వరి తలెత్తింది. గుమ్మంలో లీలమ్మ. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆ పిలుపు పిలవలేదు. నోరారా అక్కా అనేది.

“ఏంటి లీలమ్మా? సర్దుకోవడం అయిందా?” అంది, అనేశాక నాలుక కరుచుకుంది.

“అయింది. మాపటికి బండి వస్తది. ఆయన చాదర్‌ఘాట్ల అర్ర చూసిండు. పోయేముందు నువ్వొకసారి మా మోరీ చూడాలె.”

“ఇప్పుడెందుకులే…”

“ఎందుకులే అంటవేంది? కంపు కొట్టే సంసారమని పేరు మోసుకొని నేను పోను. సారు అన్నడు, నువ్వు పక్కన నిలవడి ఇన్నవు. గిప్పుడు నీ కండ్లతోని చూడు, నీ ముక్కుతోని చూడు. గప్పుడు చెప్పు, నా ఇంట్లకెల్లి వస్తుందా అని.”

లీలమ్మ గట్టిగా మాట్లాడే మనిషే. జవాబు కోసం ఆగకుండా వెనక్కి తిరిగింది. రాజరాజేశ్వరి లేచి ఆమె వెనకే నడిచింది.

వెనక వాటా మోరీ తళతళలాడుతోంది. ఖాళీ చేసి పోయే ఇంట్లో మోరీని అట్లా తోమినవాళ్లని రాజరాజేశ్వరి చూడలేదు. ఇటుక పొడితో రుద్ది, కొబ్బరి పీచుతో గీకి, వేణ్ణీళ్లు కుమ్మరించి ఉంది. లీలమ్మ మోకాళ్ల మీద కూలబడి ముక్కు దాదాపు బండకి ఆనించింది.

“వొంగు. సిగ్గేంది?”

వంగింది. తడిసిన రాతి వాసన, కాస్త సబ్బు వాసన. అంతే.

“ఇగ నాతోని నడువు.”

ఇద్దరూ వాకిట్లో కాలవ పక్కనే అడుగులో అడుగు వేసుకుంటూ, వంగి వంగి వాసన చూసుకుంటూ వచ్చారు. ఇద్దరికీ యాభై దగ్గర పడింది. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులే. గల్లీలోంచి ఎవరైనా తొంగిచూస్తే పడీ పడీ నవ్వేవాళ్లు. నల్లా దాటారు. బట్టలుతికే బండ దాటారు. అక్కడి నుంచి కంపు మొదలైంది. ముందువైపుకి వెళ్లిన కొద్దీ చిక్కబడి, మూసి ఉన్న కిటికీ కిందికి వచ్చేసరికి గొంతులోకి దిగింది. లీలమ్మ చూపు కిటికీ మీదికి పోయి, చటుక్కున నేల మీదికి దిగింది. అది అమ్మాజీ గది కిటికీ.

లీలమ్మ కోపమంతా ఎక్కడికి పోయిందో గానీ, మొహంలో ఇంక కనపడలేదు. రాజరాజేశ్వరి మొహం చూసి, మెల్లగా అడిగింది.

“నీకు ముందుగాలనే ఎరుకనా?”

రాజరాజేశ్వరి అవునని తలూపింది.

తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. హోళీ పోయాక ఒక తెల్లవారుజామున వాసనకి మెలకువ వచ్చి, తుమ్మకంప మీదుగా వంగి తలుపు సందుకి ముక్కు ఆనించింది. ఆనించి అక్కడే చచ్చినదానిలా నిలబడిపోయింది. చితి మీదికి పంపిన పిల్ల. కళ్లారా చూసి పంపిన పిల్ల. అయినా తల్లి బుద్ధికి అదంతా అడ్డం రాలేదు. నా బిడ్డ ఇంకా లోపలే ఉంది, దానికి దారి దొరకలేదు, నక్షత్రం మంచిది కాదన్నారు కదా, అందుకే ఇట్లా అయింది అనుకుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఆమె చించుకోలేదు. మొగుడు వెనక వాటా మీద విరుచుకుపడ్డ రోజున పక్కనే నిలబడి పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

“నా పిల్ల గది కంపు కొడుతోందని ఏ నోటితో చెప్పను లీలమ్మా?” అంది రాజరాజేశ్వరి. “మల్లెపూలు పెట్టుకుని తిరిగిన పిల్ల. పూటకో జాకెట్టు మార్చేది. దాని గురించి ఆ మాట నా నోట ఎలా వస్తుంది? ఆయన నిన్ను అన్నారు. పోనీ, ఎవరినో ఒకరిని అన్నారు, దాన్ని అనలేదు కదా అనుకున్నాను. పాపిష్టిదాన్ని.”

“నా మీదికి తోస్తె నీకు మంచిగనిపించిందా?”

“అనిపించింది.”

నిజం అంత నేరుగా వస్తుందని లీలమ్మ అనుకోలేదు. అక్కడే కిటికీ కింద నేల మీద కూలబడింది.

“మీ పిల్ల నా చేతి బువ్వ తినలేదు, మీరు తిననియ్యలేదు. కాని నా ఒళ్ల పండుకొని పెరిగింది. అది పోతె నేను ఏడ్వలేదా? గీ యేడు నా ఇంట్ల మాత్రం ఏం మిగిలింది? క్రిస్మస్ ముంగట మా అత్త ఉంగరం పెట్టెలకెల్లి మాయమాయె. పెద్ద కోడలికని దాచిన ఉంగరం. నువ్వే తాగి అమ్ముకున్నవని సీమోనును తిట్టిన. గాయన నాతోని మాట బంద్ చేసిండు. కొడుకు ప్రకాశం లాలాగూడ వర్క్‌షాపుల మంచిగ పని చేసుకుంటుండె, ఏమనిపించిందో, మీ పిల్ల పోయినంక అడిగి మరీ కాజీపేటకు బదిలీ చేపిచ్చుకున్నడు. ఇప్పటిదాంక మొఖం సూపెట్టలే. ఆఖరికి ఇల్లు సుత పాయె.”

క్షమించమని అడుగుదామని రాజరాజేశ్వరి ఆమె దగ్గరికి జరిగింది.

“తాళం తియ్యి, చూద్దాం” అంది లీలమ్మ.

“అమ్మో, తీస్తే ఆయనకి చేటు. ఇంక ఈ ఇంట్లో పోవడానికి మిగిలింది మేమిద్దరమే.”

“సరె తియ్యకు.” లీలమ్మ లేచింది. “మీ ఆచారం మీది. నేను పోత. ఉత్తగ పోతె ఎండిపోయి మల్ల నా మీదికే వస్తది, మోరీల చెంబెడు నీళ్లు పోసి పోత. అమ్మాజీ చెప్తుండె గద, నీళ్లుంటెనే వాసన ఆగుతదని.”

రెండడుగులు వేసిందో లేదో, రాజరాజేశ్వరి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

“ఏం చెప్పేది?”

“గదే, మీరు తెనాలికెల్లి వచ్చినప్పుడల్ల…”

చెప్పక్కర్లేదు. రాజరాజేశ్వరి కళ్ల ముందుకి వచ్చేసింది. ప్రతి వేసవిలోనూ తెనాలి వెళ్లి వచ్చేవాళ్లు. రిక్షా దిగి, పెట్టెలు ఇంకా గుమ్మంలో ఉండగానే, కాళ్లకి చెప్పులైనా విప్పకుండా అమ్మాజీ చెంబుతో నీళ్లు పట్టుకుని తన గది మూలనున్న స్నానాల గదిలోకి పరిగెత్తేది. అదేం పిచ్చే అంటే నవ్వేది. ‘నీళ్లు పోయే జాలీ కింద గిన్నెలాంటి వంపు ఉందా అమ్మా, అందులో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ నీళ్లే దీనికి తలుపు. మనం రోజూ స్నానం చేస్తాం గనక తలుపు మూసి ఉంటుంది. ఊరెళ్లామనుకో, ఈ ఎండలకి ఎండిపోతుంది, గల్లీలో కంపంతా తిన్నగా ఇంట్లోకి వస్తుంది. ఒక్క చెంబు చాలు.’ చదువుకున్నదానివి, అన్నీ నీకే తెలుసులే అని తను విసుక్కునేది.

మాఘమాసం నుంచి ఆ మూల ఎవరూ స్నానం చెయ్యలేదు. కంపుకి అదే కారణం. దెయ్యం కాదు, నక్షత్రం కాదు, లీలమ్మ వంట కాదు. స్నానం చేసే పిల్ల లేదు.

రాజరాజేశ్వరి లోపలికి పరిగెత్తింది. దేవుడి అలమరలోంచి తాళంచెవి తీసింది. తుమ్మకంపని చేతులతో లాగి అవతల పారేసింది. అరచేతిలో ముల్లు దిగి రక్తం వచ్చింది, చూసుకోలేదు. ఆయనకి చేటన్న మాట అప్పుడూ గుర్తుంది. గుర్తుండే తాళం తీసింది.

వేడి గాలీ కంపూ కలిసి మొహాన కొట్టాయి. ఇద్దరూ ఒక్క క్షణం గోడకి ఒరిగిపోయారు. పరుపు లేని మంచం. మేకుకి ఆకుపచ్చ రిబ్బను. మూలన నడుమెత్తు గోడ చాటున స్నానాల గది, అందులో పగుళ్లిచ్చిన సబ్బుముక్క, చిలుం పట్టిన రాగిచెంబు. జాలీ మీదినుంచి బొద్దింక ఒకటి పాకి పోయింది. లీలమ్మ వాకిట్లోంచి బిందెతో నీళ్లు తెచ్చింది. ఆ రాగిచెంబుని రాజరాజేశ్వరే ముంచింది. పోసింది. జాలీ కింద గుడగుడమంది. మళ్లీ పోసింది. లీలమ్మ కిటికీ తెరిచింది.

కంపు వెంటనే పోలేదు. ముందు పలచబడింది. తర్వాత వెతికితేనే దొరికేటట్టు అయింది. ఆ తర్వాత వెతికినా దొరకలేదు. గదిలో ఉత్త వేసవిగాలి, గోడ సున్నం వాసన, దూరంగా స్టేషన్లో ఇంజను కూత.

రాజరాజేశ్వరి చెంబు వదిలేసింది. “లీలమ్మా, ఏమీ లేదే!” అంది. “ఇందులో ఏమీ లేదే! అది లేదే!” ఇన్నాళ్లూ ఆ వాసనని భరించింది, దాచింది, దాని కోసం ఒక మంచి మనిషికి ద్రోహం చేసింది. అది ఉన్నంతకాలం లోపల ఎవరో ఉన్నారు. ఇప్పుడు చెంబెడు నీళ్లతో ఆమె తన పిల్లని మళ్లీ పంపించేసింది. పిల్ల పోయిన రోజున నలుగురూ పట్టుకుని ఆపితే లోపలే ఉండిపోయిన ఏడుపు ఇప్పుడు వచ్చింది. నేల మీద పడి, తడి బండలకి చెంప ఆనించి ఏడ్చింది. లీలమ్మ పక్కన కూర్చుని ఆమె తల ఒళ్లోకి తీసుకుంది.

“ఏడువ్ అక్కా,” అంది. “ఏడువ్. గీ నీళ్లు ఆపకు.”

ఎంతసేపటికో లేచి కూర్చున్నారు. పోసిన నీళ్లు పూర్తిగా దిగకుండా జాలీ మీద నిలిచి ఉన్నాయి. లీలమ్మ కొప్పులోంచి పిన్ను తీసి జాలీ పైకెత్తింది. చెయ్యి పెట్టి లాగితే వెంట్రుకల చుట్ట వచ్చింది. నల్లగా, పొడుగ్గా, ఎంతకీ తెగకుండా వచ్చింది. జ్వరంలో ఊడిన జుట్టు. రాజరాజేశ్వరి అసహ్యపడకుండా దాన్ని రెండు చేతులతో అందుకుని కొంగులో పెట్టుకుంది.

లీలమ్మ మళ్లీ చెయ్యి పెట్టింది. ఈసారి తీసిన చెయ్యి గుప్పిట మూసి ఉంది. తెరిచి చూసుకుంది. బురద తుడిచింది, బిందెలో ముంచి కడిగింది, వెలుతురుకి పెట్టి చూసింది.

“ఏంటది?”

బంగారపు ఉంగరం. రాయి లేదు, చెక్కడం లేదు, వెడల్పాటి ఉత్త కట్టు. ఒకవైపు సన్నటి అతుకు.

“మాది కాదే” అంది రాజరాజేశ్వరి. “మా ఇంట్లో అలాంటిది లేదు.”

“మాది,” అంది లీలమ్మ. “మా అత్తది. గీ అతుకు పత్తర్‌గట్టిల ఏపిచ్చినం.”

రాజరాజేశ్వరి ఇంకా ఏం వినాలి? “మా పిల్ల… తీసిందా లీలమ్మా? నీ పెట్టెలోంచి…”

“ఛీ, ఏం మాటక్కా! అమ్మాజీ మీద గా మాట అనకు.” లీలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. “పెట్టె తాళం నాతోని ఉంటది, లేకుంటె మా ప్రకాశంతోని ఉంటది. నేను సీమోనును తిట్టిన. కొడుకును అడుగలే. కోడలికని దాచిన ఉంగరం, వాడు కోడలికే ఇచ్చిండు. గిప్పుడు సమజైంది, వాడు కాజీపేటకు ఎందుకు పోయిండో.”

రాజరాజేశ్వరికి కోపం రావాలి, కులం గుర్తుకు రావాలి, రాలేదు. ఆమెకి గుర్తొచ్చింది ఒకటే. ఆఖరి రోజుల్లో అమ్మాజీ బొటనవేలితో ఉంగరపు వేలిని అదే పనిగా రుద్దుకునేది. తిమ్మిరెక్కిందేమోనని తను కొబ్బరినూనె రాసింది. చెయ్యి దుప్పటి మీద తడుముకునేది, దిండు కింద తడుముకునేది. ‘పోయిందమ్మా, పోయింది’ అనేది. ఏం పోయిందే తల్లీ అంటే తండ్రి వైపు చూసి కళ్లు మూసుకునేది. జ్వరం మాటలనుకున్నారు.

“చిక్కిపోయింది కదా,” అంది రాజరాజేశ్వరి, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. “వేళ్లు పుల్లల్లా అయిపోయాయి. స్నానం చేసేటప్పుడు సబ్బుకి జారిపోయి ఉంటుంది. వెతుక్కుంది పాపం. నన్ను అడగలేక వెతుక్కుంది.”

లీలమ్మ ఉంగరాన్ని ఆమె అరచేతిలో, ముల్లు గుచ్చుకున్న చోట పెట్టి వేళ్లు మూసింది.

గేటు గొళ్లెం చప్పుడైంది. సైకిలు స్టాండు వేసిన చప్పుడు. గోపాలకృష్ణమూర్తిగారు హాల్లోకి వచ్చి, పక్కన పడి ఉన్న తుమ్మకంపని చూశారు. బార్లా తెరిచిన తలుపు చూశారు. గడప అవతలే ఆగిపోయారు. రాజరాజేశ్వరి లేచి నిలబడింది. ఆయన అరుస్తారని, నా చావు కోరావా అంటారని ఎదురుచూసింది. అననీ, ఈసారి లీలమ్మని మాత్రం ఒక్క మాట అననివ్వను అనుకుంది.

“కంపు మన గదిలోదేనండీ,” అంది. “వాళ్లది కాదు. నీళ్లు పోశాం, పోయింది. ఇదిగో, జాలీ కింద ఇది దొరికింది.” చెయ్యి చాపి గుప్పిట విప్పింది.

ఆయన తలుపు గురించి అడగలేదు. నక్షత్రం గురించి అడగలేదు. లీలమ్మ ఆ గదిలో ఎందుకుందని కూడా అడగలేదు. ఆ అరచేతి వంక చూస్తూ, ద్వారబంధం పట్టుకుని, ఎవరూ లేనట్టు తనలో తనే అనుకున్నారు.

“దాని వేలి నుంచి లాగి అందులో పడేసి, బిందెడు నీళ్లు కుమ్మరించానే… ఇంకా కొట్టుకుపోలేదా?”